తేదీ తప్పు చెప్పిన సాక్షి: పోస్ట్‌మోడర్న్ చారిత్రక నవల మనకు ఏం నేర్పుతుంది?



ఇంగ్లిష్ సాహిత్యం ఆప్షనల్‌గా తీసుకున్నవాళ్ళకు ఈ వ్యాసం నేరుగా పనికొస్తుంది. తీసుకోనివాళ్ళు కూడా చివరిదాకా చదవండి. ఇందులోని విషయం ఎస్సే పేపరుకీ, జీఎస్-1లో స్వాతంత్ర్యం తర్వాతి భారతదేశ చరిత్రకీ, ఎథిక్స్ పేపరుకీ కూడా తగులుతుంది.

ఆప్షనల్ రెండో పేపరులో నేపథ్యంగా చదవాల్సిన అంశాల్లో పోస్ట్‌మోడర్నిజం, భారతీయ ఆంగ్ల రచన, వలసవాదం–వలసానంతరవాదం ఉన్నాయి. ఈ మూడూ కలిసేచోటు చారిత్రక నవల. అందుకే ఈమధ్య భిలాయ్‌లో మేం కలిసి చదువుకునే ఏడుగురం ఒక ప్రశ్న పెట్టుకుని గంటలో సమాధానం రాశాం: ‘పోస్ట్‌మోడర్న్ చారిత్రక నవలల్లోని కథన పద్ధతులను సోదాహరణంగా చర్చించండి.’ తర్వాత పేపర్లు మార్చుకుని దిద్దుకున్నాం. ఏడుగురిలో ఆరుగురి ముగింపు ఒకటే: ‘కాబట్టి చరిత్రలో సత్యం అనేది లేదు, ఉన్నవన్నీ కథనాలే.’ ఆ ఆరుగురిలో నేనూ ఉన్నాను.

ఆ ముగింపు తప్పు అని ఇప్పుడు నా అభిప్రాయం. మార్కులు తగ్గుతాయన్నది చిన్న కారణం. పెద్ద కారణం వేరే ఉంది. మనం చదువుతున్నది ఒక ఉద్యోగం కోసం. ఆ ఉద్యోగంలో రేపు మనం విచారణ నివేదికలు రాస్తాం, పునరావాస జాబితాల మీద సంతకాలు పెడతాం, ‘తగు చర్యలు తీసుకోబడినవి’ అని ఫైలు ముగిస్తాం. ఒక ఊరి గురించి ప్రభుత్వం దగ్గర మిగిలే కథ మన చేతి రాత అవుతుంది. అలాంటి చోట కూర్చోబోయేవాడు ‘సత్యం లేదు, కథనాలే ఉన్నాయి’ అని నమ్మితే నష్టం ఎవరికో ఆలోచించండి.

నా మనసు మారింది ఒక విమర్శ గ్రంథం చదివి కాదు. మా ఇంట్లో జరిగిన చిన్న గొడవ వల్ల.

ఇంట్లో రెండు తేదీలు

మా నాన్నది బొబ్బిలి దగ్గర పల్లె. కుర్రతనంలో పని కోసం రాయ్‌పూర్ రైలెక్కి భిలాయ్ వచ్చారు. స్టీల్ ప్లాంటులో కాదు, ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక చిన్న వర్క్‌షాపులో వెల్డరుగా చేశారు. ఇందిరా గాంధీ చనిపోయిన రోజు తను ఇక్కడే షెడ్డులో ఉన్నానని, మధ్యాహ్నం షట్టర్లు దించేసి అందరినీ పంపేశారని, రోడ్డు మీద ఒక్క బస్సు లేక రూము దాకా నడిచి వెళ్ళానని చాలాసార్లు చెప్పారు. అది 1984 అక్టోబర్ 31. కానీ ట్రంకుపెట్టెలో ఉన్న ఆయన పాత గేట్‌పాస్ మీద పనిలో చేరిన తేదీ 1986 జనవరి అని ఉంది.

ఒకరోజు ఆ పాస్ చూపించి, ‘నాన్నా, మీరు రెండేళ్ళు ముందుకి జరిపి చెప్తున్నారు’ అన్నాను, కాస్త గెలిచినట్టు. ఆయనకి కోపం వచ్చింది. ‘నానెప్పుడొచ్చానో నాకు తెల్దేటిరా? ఆ కాయితానికేటి తెలుసు? పాస్ ఇవ్వకముందు ఠేకేదారు కింద చెయ్యలేదేటి?’ అన్నారు.

అప్పుడు బయటపడింది సంగతి. మొదటి ఏడాదిన్నర ఆయన ఒక ఠేకేదారు కింద రోజుకూలీ. పేరు ఏ రిజిస్టరులోనూ లేదు. పాస్ ఇచ్చాకే ఆయన కాగితం మీదకి వచ్చారు. అంటే నాన్న చెప్పిన ఏడాదీ నిజమే, కాగితం మీది తేదీ కూడా నిజమే. రెంటికీ పొంతన లేని ఆ ఏడాదిన్నరే అసలు చరిత్ర: ఒక మనిషి పనిచేశాడు, లెక్కలోకి రాలేదు.

ఆ రాత్రి నేను నా సమాధానం మళ్ళీ చదువుకున్నాను. రెండు కథనాలు ఒకదానికొకటి అడ్డం వస్తే ‘చూశారా, సత్యం లేదు’ అనడం ఎంత సోమరితనమో అర్థమైంది. అడ్డం వచ్చిన చోటే ఆగి, ఎందుకు అడ్డం వచ్చాయో అడగాలి. నేను ‘పద్ధతులు’ అని బట్టీపట్టిన నవలలు చేసే పని సరిగ్గా ఇదే.

పేరు ఎక్కడిది?

ముందు పునాది మాటలు రెండు. 1979లో ఫ్రెంచ్ తత్వవేత్త లియోటార్ ఉత్తరాధునిక స్థితి మీద పుస్తకం రాస్తూ, అన్నిటినీ వివరించగలమని చెప్పుకునే మహాకథనాల మీద నమ్మకం సడలడమే ఈ కాలపు లక్షణం అన్నారు. అంతకుముందే 1973లో హేడెన్ వైట్ ‘మెటాహిస్టరీ’లో చరిత్రకారులు కూడా ఘటనలను విషాదంగానో, విజయగాథగానో, వ్యంగ్యంగానో ఒక కథాకృతిలో అమరుస్తారని చూపించారు. 1988లో కెనడా విమర్శకురాలు లిండా హచియన్ ‘ఎ పొయెటిక్స్ ఆఫ్ పోస్ట్‌మోడర్నిజం’లో ఈ రకం నవలలకు ‘హిస్టోరియోగ్రాఫిక్ మెటాఫిక్షన్’ అని పేరు పెట్టారు. తేలిగ్గా చెప్పాలంటే, చరిత్ర గురించి చెబుతూనే, ఆ చరిత్రను చెప్పడం ఎలా జరుగుతోందో కూడా చూపించే నవల.

ఇక్కడ ఒక్క విషయం గమనించండి. గతం జరగలేదని హచియన్ అనలేదు. గతం నిజంగా జరిగింది, కానీ మనకు అది అందేది రాతల ద్వారా, గుర్తుల ద్వారా, సాక్ష్యాల ద్వారా మాత్రమే అన్నది ఆమె వాదన. ‘జరగలేదు’, ‘నేరుగా అందదు’ అనే రెండు మాటలకు ఉన్న తేడా మన సమాధానాల్లో చెరిగిపోతోంది. పోస్ట్‌మోడర్నిజం అని రాసిన ప్రతిసారీ ఈ తేడా ఒక వాక్యంలో రాయండి. మీ పేపరు మిగతావాటి నుంచి వేరుగా నిలుస్తుంది.

నాలుగు పద్ధతులు, నాలుగు ప్రశ్నలు

పద్ధతుల పేర్లు జాబితాగా రాసేవాళ్ళు చాలామంది. ప్రతి పద్ధతి పాఠకుడి చేత ఏ ప్రశ్న అడిగిస్తుందో రాయండి. అప్పుడే అది విశ్లేషణ అవుతుంది.

మొదటిది, నమ్మదగని కథకుడు. సల్మాన్ రష్దీ ‘మిడ్‌నైట్స్ చిల్డ్రన్’ 1981లో వచ్చింది, ఆ ఏడాదే బుకర్ అందుకుంది. 1947 ఆగస్టు 15 అర్ధరాత్రి పుట్టిన సలీం సినాయ్ పచ్చళ్ళ ఫ్యాక్టరీలో కూర్చుని, పద్మ అనే ఆమెకు తన కథ, దేశం కథ కలిపి చెబుతాడు. మధ్యలో గాంధీజీ హత్య తేదీ తప్పు చెప్పానని గ్రహిస్తాడు, అయినా దిద్దడు. రష్దీ తర్వాత ఒక వ్యాసంలో ఆ నవలలోని తప్పుల్లో కొన్ని కావాలని పెట్టినవని వివరించారు. ఇక్కడ మనలో చాలామంది ‘అంటే తేదీలకు విలువ లేదు’ అని రాస్తారు. ఒక్కసారి ఆలోచించండి: గాంధీజీ 1948 జనవరి 30న చనిపోయారని మీకు తెలియకపోతే సలీం తప్పు మీకు కనబడనే కనబడదు. ఆ పద్ధతి పనిచేసేదే పాఠకుడికి అసలు తేదీ తెలుసు కాబట్టి. తప్పు అనే మాటకు అర్థం ఉందంటే ఒప్పు ఎక్కడో ఉన్నట్టే. ఇది అడిగించే ప్రశ్న: ఈ మనిషి ఇక్కడే ఎందుకు పొరబడ్డాడు?

ఆ నవలలో ముప్ఫై అధ్యాయాలు ముప్ఫై పచ్చడి జాడీలు. చివర ఒక జాడీ ఖాళీగా ఉంటుంది. ఆవకాయ పెట్టే ఇళ్ళలో పుట్టిన మనకు ఇది వివరించనక్కర్లేదు. ఊరబెడితే కాయ నిలవ ఉంటుంది, రుచి మాత్రం మారుతుంది. కానీ కాయ లేకుండా ఎవరూ ఆవకాయ పెట్టలేరు.

రెండోది, కథకుడు మధ్యలో లేచి మనతో మాట్లాడటం. జాన్ ఫౌల్స్ ‘ద ఫ్రెంచ్ లెఫ్టినెంట్స్ వుమన్’ 1969లో వచ్చింది. కథాకాలం అంతకు వందేళ్ళ ముందుది. పదమూడో అధ్యాయంలో రచయిత కథ ఆపి, ఇదంతా నా ఊహే అని ఒప్పుకుంటాడు. చివర్లో తనే గడ్డంతో రైలు పెట్టెలోకి వచ్చి నాయకుడి ఎదుట కూర్చుని, రెండు ముగింపుల్లో ఏది చివర పెట్టాలో నాణెం ఎగరేసి తేల్చుకుంటాడు. ప్రశ్న: ఈ కథ ఇలా ముగియాలని నిర్ణయించిందెవరు?

మూడోది, పత్రాలు, ఉత్తరాలు, నోట్‌బుక్కులు. ఎ.ఎస్. బయట్ ‘పొసెషన్’ 1990లో బుకర్ గెలిచింది. అందులో విక్టోరియా కాలపు ఇద్దరు కవుల ఉత్తరాలు, కవితలు ఉంటాయి, అన్నీ ఆమె సృష్టే. ఇద్దరు పరిశోధకులు ఆ కాగితాల వెంటపడి ఒక ప్రేమకథను కనిపెడతారు. కానీ చివర్లో పాఠకుడికి తెలిసిన ఒక సంఘటన ఆ పరిశోధకులకు ఎప్పటికీ తెలియదు, దాన్ని నమోదు చేసిన కాగితం లేదు కాబట్టి. ప్రశ్న: ఏ కాగితం మిగిలింది, ఏది మిగల్లేదు?

నాలుగోది, పక్కకు నెట్టినవాళ్ళ చూపు. జూలియన్ బార్న్స్ ‘ఎ హిస్టరీ ఆఫ్ ద వరల్డ్ ఇన్ 10½ చాప్టర్స్’ 1989లో వచ్చింది. మొదటి అధ్యాయంలో నోవా ఓడ కథ చెప్పేది టికెట్ లేకుండా ఓడెక్కిన, కొయ్యను తొలిచే ఒక పురుగు. అది నవ్వు పుట్టించే పద్ధతి. దానికి ఏడిపించే రూపం టోనీ మారిసన్ ‘బిలవెడ్’, 1987. 1856లో అమెరికాలో పారిపోయి పట్టుబడ్డ మార్గరెట్ గార్నర్ అనే బానిస స్త్రీ, బిడ్డ మళ్ళీ బానిస కాకూడదని తన చేతులతో చంపుకుంది. పత్రికకెక్కిన ఆ ఘటనలోంచి, పత్రిక రాయలేని తల్లి మనసును మారిసన్ కల్పించారు. ప్రశ్న: ఈ కథలో మాట్లాడనిదెవరు?

నాలుగు ప్రశ్నలనూ ఒకచోట పెట్టి చూడండి. ఎందుకు పొరబడ్డాడు, ఎవరు నిర్ణయించారు, ఏ కాగితం లేదు, ఎవరు మాట్లాడలేదు. ఇవి సత్యాన్ని వదిలేసినవాడి ప్రశ్నలు కావు. మంచి విచారణాధికారి అడిగే ప్రశ్నలు.

బొబ్బిలి దగ్గర ఆగుదాం

‘ఇవన్నీ పడమటి నుంచి వచ్చిన పద్ధతులు’ అని కూడా చాలామంది రాస్తారు. పేరు పడమటిది, పద్ధతి మనకు కొత్త కాదు. బుర్రకథ చూసినవాళ్ళకు తెలుసు. మధ్యలో కథకుడు, రెండు పక్కలా ఇద్దరు వంతలు. ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. కథ నడుస్తుండగానే ఒకరు ఆపి ప్రశ్న వేస్తారు, ఇంకొకరు ఇవాళ్టి సంగతికి ముడిపెడతారు. కథ చెబుతున్నామన్న సంగతిని దాచరు. మీ సిలబస్‌లోనే ఉన్న రాజారావు ‘కాంతాపుర’, 1938, తీసుకోండి. అది పోస్ట్‌మోడర్న్ నవల కాదు. అయినా గాంధీ ఉద్యమాన్ని అచ్చక్క అనే ముసలమ్మ నోట స్థలపురాణం పద్ధతిలో చెప్పించడం, ఢిల్లీలో రాసే చరిత్రకు పక్కన ఊరి గొంతు పెట్టడమే.

భిలాయ్ తెలుగువాళ్ళం విజయనగరం వైపు రైల్లో వెళ్తుంటే పార్వతీపురం దాటాక బొబ్బిలి వస్తుంది. 1757 జనవరి 24న అక్కడ జరిగిన యుద్ధం మనందరికీ తెలిసిన కథ. ఫ్రెంచి సేనాని బుస్సీ, అతని వెంట విజయనగరం రాజు విజయరామరాజు, కోటలో రంగారావు. కోట పడిపోయాక విజయరామరాజును గుడారంలో పొడిచి చంపడం. ఈ యుద్ధాన్ని ఈస్టిండియా కంపెనీ చరిత్రకారుడు రాబర్ట్ ఆర్మ్ ఇంగ్లిష్‌లో రాశాడు. దిట్టకవి నారాయణకవి ‘రంగరాయ చరిత్రము’ కావ్యంగా రాశాడు. జానపదులు పెద్ద బొబ్బిలిరాజు కథగా పాడారు. 1964లో సినిమా వచ్చింది. మన నోట్లో నానే కథలో గుడారంలోకి దూకిన వీరుడు తాండ్ర పాపారాయుడు. ఆర్మ్ రాతలో అది రంగారావు సైనికుల్లో బతికి బయటపడ్డ కొందరి పని.

2001లో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం కలిసి ‘టెక్స్చర్స్ ఆఫ్ టైమ్’ అనే పుస్తకం తెచ్చారు. బొబ్బిలి కథనాలను పక్కపక్కన పెట్టి చదివిన పుస్తకం ఇది. దక్షిణ భారతంలో చరిత్ర రచన బ్రిటిష్‌వాళ్ళతో మొదలు కాలేదని, ఏ కాలంలో ఏ సాహిత్య రూపం చెలామణీలో ఉంటే ఆ రూపంలోనే చరిత్ర రాసేవారని, ఏది జరిగిన సంగతి, ఏది అలంకారం అన్నది ఆ సమాజంలోని శ్రోతలు రచన పోగును బట్టి గుర్తుపట్టేవారని వారి వాదన. ఆ చరిత్ర రచనకు వెన్నెముకగా వారు చూపించింది కరణాలను. అంటే ఊరి లెక్కలు, భూమి రికార్డులు రాసేవాళ్ళను.

సివిల్స్‌కి చదివే మనం ఇది రెండుసార్లు చదవాలి. కరణం రాసిన లెక్కలో పొరపాటుంటే ఒక రైతు పొలం పోయేది. అదే కరణం చరిత్ర రాస్తే ఒక యుద్ధం నిలబడేది. రికార్డు రాసేవాడూ, చరిత్ర రాసేవాడూ ఒక్కడే. మనం ఆ వరసలో కూర్చోబోతున్నాం.

మానా నుంచి మరిచ్‌ఝాపి దాకా

ఇప్పుడు భిలాయ్‌కి దగ్గరి ఉదాహరణ. రాయ్‌పూర్ విమానాశ్రయం ఉన్న చోటు పేరు మానా. విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థులను ఉంచిన పెద్ద శిబిరం ఈ మానాలోనే ఉండేది. వారిని అడవి ప్రాంతాల్లో స్థిరపరచడానికి కేంద్రం 1958లో దండకారణ్య అభివృద్ధి సంస్థను పెట్టింది. అప్పటి మధ్యప్రదేశ్‌లోని బస్తర్, ఒడిశాలోని కోరాపుట్ దాని పరిధిలోవి. నీళ్ళ దేశంలో వరి పండించిన దళిత రైతులు, ఎక్కువగా నామశూద్రులు, ఎర్రరాతి నేలలోకి వచ్చి పడ్డారు.

1977లో బెంగాల్‌లో లెఫ్ట్ ఫ్రంట్ అధికారంలోకి వచ్చింది. ఇక మన చోటు మనకు దొరుకుతుందని 1978లో వేలమంది దండకారణ్యం వదిలి బెంగాల్ దారి పట్టారు. కొంతమంది సుందర్‌బన్స్‌లోని మరిచ్‌ఝాపి దీవి చేరి, కట్టలు వేసుకున్నారు, బడి పెట్టుకున్నారు. అది రిజర్వు అటవీ భూమి అని ప్రభుత్వం అంది. 1979 జనవరిలో పోలీసు పడవలు దీవిని చుట్టుముట్టి తిండి, నీళ్ళు అందకుండా ఆపాయి. మేలో గుడిసెలు తగలబెట్టి జనాన్ని ఖాళీ చేయించారు. చాలామందిని తిరిగి దండకారణ్యానికే పంపారు. తూటాలకు, ఆకలికి, రోగాలకు ఎందరు పోయారో ప్రభుత్వ లెక్క ఒకటి, బతికినవాళ్ళ లెక్క మరొకటి.

చాలా ఏళ్ళు ఇది ఇంగ్లిష్ చదువరులకు దాదాపు తెలియని సంగతి. 2004లో అమితవ్ ఘోష్ ‘ద హంగ్రీ టైడ్’ దాన్ని మళ్ళీ అందరి ముందుకి తెచ్చింది. ఎలా తెచ్చిందో చూడండి, మనకు కావలసింది అదే. ఘోష్ మరిచ్‌ఝాపిని నేరుగా చెప్పలేదు. రిటైరైన హెడ్మాస్టరు నిర్మల్ ఆ దీవిలో ఉండి ఒక నోట్‌బుక్కు రాస్తాడు. అది ఇరవై ఏళ్ళకు పైగా కనిపించకుండా ఉండి, ఢిల్లీలో అనువాద సంస్థ నడిపే మేనల్లుడు కానాయ్ చేతికి వస్తుంది. కానాయ్ చదువుతుంటే మనం చదువుతాం. దండకారణ్యం నుంచి నడిచి వచ్చిన జనంతో కలిసిన కుసుమ్ అనే స్త్రీ ఆకలి మాట నిర్మల్ రాతలో వినిపిస్తుంది. చివర్లో తుఫానులో ఆ నోట్‌బుక్కు నీళ్ళపాలవుతుంది. గుర్తున్నంత మేరకు మళ్ళీ రాయాలని కానాయ్ నిర్ణయించుకుంటాడు.

పత్రం, దాని ప్రయాణం, దాని నష్టం, జ్ఞాపకం మీద ఆధారపడిన పునర్రచన. మనం పైన చెప్పుకున్న పద్ధతులు ఇక్కడ అలంకారం కావు. మరిచ్‌ఝాపికి నిజంగా జరిగింది అదే. కాగితం పోయింది, గుర్తున్నవాళ్ళు మిగిలారు. విషయమే ఆ పద్ధతిని అడిగింది.

ఈ నవల మీద న్యాయమైన విమర్శ ఒకటి ఉంది, అదీ సమాధానంలో రాయండి. కుసుమ్ తనంతట తాను రాయలేదు. ఆమె మాట చదువుకున్న మాస్టారి చేతిలోంచి, ఆపైన నగరపు మేనల్లుడి కళ్ళలోంచి వచ్చింది. ఆమె కొడుకు ఫోకిర్‌కు చదువు రాదు. అంటే మాట్లాడనివాడి కథను మళ్ళీ మాట్లాడగలిగినవాడే చెప్పాడు. నవల ఈ లోపాన్ని దాచకుండా చేతుల వరస మొత్తం మనకు చూపిస్తుంది. అందుకే దాన్ని నిజాయితీ గల నవల అంటాను. ఇంకా ముఖ్యం, పుస్తకం చివర రచయిత తన మాటలో పాత్రలు కల్పితమని, లూసిబారి, గర్జన్‌తోలా అనే చోట్లు కల్పితమని, మరిచ్‌ఝాపి వంటివి మాత్రం నిజమైనవని విడమరిచి చెప్పారు. ఏది ఊహ, ఏది జరిగింది అన్న గీత ఆయన చెరపలేదు.

‘అన్నీ కథనాలే’ అంటే గెలిచేదెవరు?

మా గుంపులో ఒక మిత్రుడు గట్టిగా వాదించాడు: ‘ఏదో ఒకటి సత్యం అంటే మళ్ళీ ప్రభుత్వ సత్యమే గెలుస్తుంది కదా? అందుకే అన్నిటినీ కథనాలు అనడం బలహీనుడికి మేలు.’ ఇది కొట్టిపారేయాల్సిన వాదన కాదు. ఒకే గొంతు చరిత్ర చెప్పిన చోట చాలామంది నోళ్ళు మూతపడ్డాయి. దాన్ని బద్దలు కొట్టింది ఈ రకం అనుమానమే.

కానీ రెండో అడుగు కూడా చూడాలి. అన్ని కథనాలూ సమానమే అని తేల్చేశాక, వాటిలో ఏది నిలుస్తుంది? ఎక్కువ ప్రతులు అచ్చువేయగలిగినదీ, పాఠ్యపుస్తకంలో పెట్టించగలిగినదీ నిలుస్తుంది. మరిచ్‌ఝాపి శరణార్థి ‘మావాళ్ళు చనిపోయారు’ అంటే, ‘అది మీ కథనం’ అనేస్తే చాలు, ఫైలు మూసేయొచ్చు. మా నాన్న పోయిన ఏడాదిన్నర కూడా ‘ఆయన కథనం’ అయిపోతుంది. బలహీనుడికి చివరిదాకా తోడుండేది ‘ఇది జరిగింది’ అనే మాట ఒక్కటే. దాన్ని మనమే తీసేయకూడదు.

కాబట్టి నా వాదన ఇది: చెప్పేవాడిని అనుమానించు, జరిగినదాన్ని వెతుకు. మంచి చారిత్రక నవల ఈ రెండు పనులూ చేస్తుంది. మొదటిది మాత్రమే పట్టుకుని రెండోది వదిలేస్తే సగం చదివినట్టే. నవలాకారుడికి ఖాళీని ఊహతో నింపే స్వేచ్ఛ ఉంది. అధికారికి ఆ స్వేచ్ఛ లేదు. ఖాళీ ఉందని రాయడం మాత్రం అతని బాధ్యత.

మన ఊరి మీద ప్రయోగం

‘పారిశ్రామికీకరణ, దాని మూల్యం’ లాంటి ఎస్సే వచ్చిందనుకోండి. భిలాయ్ గురించి మనం మామూలుగా రాసేది ఇది: 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభం, రెండో పంచవర్ష ప్రణాళిక, మహలనోబిస్ నమూనా, దేశానికి పట్టాలు. అన్నీ నిజాలే. ఈ వ్యాసంలో మాట్లాడేది ఒక్క గొంతు.

దీని పక్కన రెండు తేదీలు చేర్చండి. 1991 సెప్టెంబర్ 28, ఛత్తీస్‌గఢ్ ముక్తి మోర్చా నాయకుడు శంకర్ గుహా నియోగి నిద్రలో ఉండగా తుపాకీతో కాల్చి చంపిన రోజు. ప్రైవేటు కర్మాగారాల్లోని కాంట్రాక్టు కార్మికులకు న్యాయమైన జీతం, పనికి భద్రత ఆయన సంఘం అడిగినవి. 1992 జులై 1, మనలో చాలామంది కోచింగ్‌కి వెళ్తూ దిగే భిలాయ్ పవర్‌హౌస్ స్టేషన్ పట్టాల మీద కూర్చున్న కార్మికులపై పోలీసులు కాల్పులు జరిపిన రోజు. పదిమందికి పైగా కార్మికులు చనిపోయారు. భిలాయ్ రైలు పట్టాలకు పేరుపడ్డ ఊరు. ఆ పట్టాలనే రెండు కథలూ వాడుకున్నాయి.

ఇవి చేరిస్తే 1959 అబద్ధమైపోదు. ఆ కొలిమి వెలిగింది, లక్షల కుటుంబాలకు అన్నం పెట్టింది, మా కుటుంబం కూడా దాని చుట్టూ పుట్టిన పనిలోనే బతికింది. ఒక తేదీతో ఇంకో తేదీని కొట్టేయకండి. రెండూ ఒకే ఊరివి అని రాయండి. చదివేవాడు రెంటి మధ్య దూరం ఎందుకొచ్చిందని అడుగుతాడు. ఆ ప్రశ్న దగ్గరికి తీసుకెళ్ళడమే మంచి ఎస్సే పని.

సమాధానం రాసేటప్పుడు నేను ఇప్పుడు పాటిస్తున్న క్రమం చెబుతాను, నచ్చితే తీసుకోండి. మొదటి పేరాలో హచియన్ పేరుతో నిర్వచనం, వెంటనే ‘గతం లేదని కాదు, నేరుగా అందదని’ అనే వాక్యం. తర్వాత ఒక్కో పద్ధతికి ఒక్కో నవల, ఒక్కో ప్రశ్న. నాలుగు నవలల పేర్లు చాలు, పది పేర్లు గుప్పించొద్దు. మూడో భాగంలో భారతీయ మూలాలు: కాంతాపుర, బొబ్బిలి కథనాలు. నాలుగో భాగంలో ‘ద హంగ్రీ టైడ్’ వివరంగా, దాని మీది విమర్శతో సహా. ముగింపులో మీ అభిప్రాయం. నా అభిప్రాయమే రాయక్కర్లేదు. ఆ ఆరుగురి ముగింపు నిజంగా మీ నమ్మకమైతే అదే రాయండి. కానీ అది అలవాటుగా వచ్చిన వాక్యం మాత్రం కాకూడదు.

చివరగా ఇంటి సంగతి. మొన్న ఒక కాగితం తీసుకుని మా నాన్న పని చరిత్ర వరసగా రాశాను. ‘1984 నుంచి: ఠేకేదారు కింద, నమోదు లేదు. ఆధారం: ఆయన మాట, ఇందిరా గాంధీ మరణించిన రోజు జ్ఞాపకం. 1986 జనవరి నుంచి: గేట్‌పాస్ ప్రకారం.’ ఆయనకి చదివి వినిపించాను. ‘ఆధారం ఆయన మాట’ అన్న చోట ఆపి మళ్ళీ చదవమన్నారు. చదివాను. కాగితం మడిచి గేట్‌పాస్ పక్కనే ట్రంకుపెట్టెలో పెట్టుకున్నారు.

మీ ఇంట్లోనూ ఇలాంటి రెండు తేదీలు ఉంటాయి. ఈ ఆదివారం టెస్ట్ రాసేలోపు ఒకసారి అడిగి చూడండి. ఎవరి తేదీ తప్పు అని అడగొద్దు. ఆ రెంటి మధ్యలో ఏం జరిగిందని అడగండి.